ఇల్లు ఎవరికి ముందు?

ఇంటికి అప్లికేషన్ పెట్టుకోని పేదవాడు మన హనుమంతునిపాడు మండలంలో కనపడడు. పెట్టి ఎన్నేళ్లయిందంటే చెబుతాడు. ఏయే జిరాక్సులు జత చేశాడో, ఎన్నిసార్లు సచివాలయం మెట్లెక్కాడో చెబుతాడు. జాబితాలో నీది ఎన్నో నంబరు, నీకన్నా ముందు ఎవరున్నారు, వాళ్లు ఎందుకు ముందున్నారు అని అడిగితే మాత్రం చెప్పలేడు. చెప్పేవాళ్లు లేరు గనక చెప్పలేడు. ఈ నెల మేం రాస్తున్నది ఆ ఒక్క ప్రశ్న మీదే. ఏ సర్కారు ఎన్ని ఇళ్లు కట్టింది, ఎవరి హయాంలో ఎక్కువ కట్టారు అనే పంచాయితీ పార్టీలవాళ్లు ఎలాగూ చేసుకుంటారు, దాన్ని వాళ్లకే వదిలేద్దాం.

రైతు సంఘం పత్రికలో ఇళ్ల గొడవేమిటని కొందరు సభ్యులు అంటారు. మన మెట్టలో ఇల్లు అంటే పడుకునే చోటు ఒక్కటే కాదు. కంది బస్తా పెట్టుకునేదీ, విత్తనం దాచుకునేదీ, గొర్రెపిల్లను వానకు తడవకుండా కట్టేసేదీ అక్కడే. కొట్టం కారే రైతు కంది కొట్టిన వారానికే వచ్చిన ధరకు అమ్ముకుంటాడు. మిద్దె ఉన్న రైతు రెండు నెలలు ఆగి అమ్ముకుంటాడు. ఆ రెండు ధరల మధ్య తేడా ఎంత ఉంటుందో మీకు మేం చెప్పక్కర్లేదు. మన పొలాల్లో కలుపు తీసే, పత్తి తీసే కూలీ ఆడవాళ్లు తలదాచుకునే కొట్టాల సంగతి కూడా మనకు పట్టాలి. వాళ్లు ఊళ్లో నిలిస్తేనే మన సేద్యం నిలుస్తుంది.

ముందు రూల్ ఏం చెబుతుందో చూద్దాం. మనలో చాలామంది రూలే లేదనుకుంటారు. రూల్ ఉంది, అందులో చాలా భాగం మంచిదే.

గ్రామాల్లో ఇళ్లకు కేంద్రం ఇచ్చే పథకం ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ. పాత ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో 2016 నవంబరు 20న మొదలైంది. పాత పథకంలో పేదరిక రేఖకు దిగువన ఉన్న కుటుంబాల జాబితా నుంచి పేర్లు తీసేవాళ్లు. ఆ జాబితాలో ఎవరు ఎలా చేరారో మనందరికీ తెలిసిందే. కొత్త పథకం ఆ పద్ధతి మార్చింది. 2011లో జరిగిన సామాజిక, ఆర్థిక, కుల గణన లెక్కలు తీసుకుని, ఇల్లు ఎంత అధ్వానంగా ఉందో దాన్నిబట్టి వరస కట్టమంది. అసలు ఇల్లే లేనివాళ్లు అందరికన్నా ముందు. వాళ్ల తర్వాత గది అంటూ లేని కచ్చా ఇంటివాళ్లు, ఆ తర్వాత ఒక గది కచ్చా ఇంటివాళ్లు, చివర రెండు గదుల కచ్చా ఇంటివాళ్లు. గోడలూ కచ్చావే కావాలి, కప్పూ కచ్చాదే కావాలి. ఎస్సీ ఎస్టీలకు ఒక వరస, మైనారిటీలకు ఒకటి, మిగిలినవాళ్లకు ఒకటి. లక్ష్యంలో 60 శాతం ఎస్సీ ఎస్టీలకు పోవాలి.

ప్రతి గుంపులోనూ మళ్లీ ఒక వడపోత ఉంది. ఇల్లు లేనివాళ్లు, అడుక్కుని బతికే నిరాధారులు, పాకీ పని చేసేవాళ్లు, ఆదిమ గిరిజన తెగలవాళ్లు, వెట్టి నుంచి చట్టప్రకారం విడిపించినవాళ్లు గుంపులో ముందు నిలబడతారు. మిగతావాళ్లకు మార్కులు వేస్తారు. మార్కులు ఐదు విషయాల మీద, దేనికైనా ఒకటే మార్కు. ఇంట్లో 16 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు మనిషి ఒక్కరూ లేకపోతే ఒకటి. ఆడమనిషే ఇంటి పెద్దయి, ఆ వయసు మగవాడు లేకపోతే ఒకటి. 25 ఏళ్లు దాటినవాళ్లలో చదువొచ్చిన మనిషి లేకపోతే ఒకటి. వికలాంగులు ఉండి, ఒళ్లు సహకరించే పెద్దవాళ్లు ఎవరూ లేకపోతే ఒకటి. సెంటు భూమి లేక ఎక్కువ భాగం కాయకష్టపు కూలి మీదే బతికితే ఒకటి.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊరు అనుకుని చూద్దాం. ఒకే సామాజిక వర్గంలో నాలుగు కుటుంబాలు. మొదటిది ఒంటిగది బోద కొట్టంలో ఉండే అరవై దాటిన ముసలి దంపతులు. పింఛను మీద బతుకుతున్నారు, ఇద్దరికీ చదువు రాదు. రెండోది అలాంటి కొట్టంలోనే ఇద్దరు చిన్నపిల్లలతో ఉండే వితంతువు. భూమి లేదు, చదువు లేదు, కూలే ఆధారం. మూడోది మళ్లీ ఒంటిగది కొట్టమే. భార్యాభర్తలు ముగ్గురు పిల్లలతో కూలి చేసుకుంటున్నారు, మొగుడు ఏడో తరగతి దాకా చదివాడు. నాలుగోది నాలుగెకరాల మెట్ట ఉన్న రైతు, రెండు గదుల మట్టిగోడల ఇల్లు, పైన బోద. మార్కులు వేయండి. వితంతువుకు మూడు. ముసలివాళ్లకు రెండు. కూలి దంపతులకు ఒకటి. రైతుకు సున్నా, పైగా ఆయనది రెండు గదుల గుంపు. ఇల్లు రావాల్సిన వరస కూడా అదే. ఆ ఊళ్లో చెట్టు కిందో పట్టా కిందో ఉండే కుటుంబం ఉంటే వీళ్లందరికన్నా ముందు దానికి రావాలి.

ఇందులో మేం తప్పు పట్టేదేమీ లేదు. ఈ మాట మన సభ్యుల్లో కొందరికి రుచించకపోవచ్చు. సంఘంలో ఉన్నాం, ధర్నాల్లో కూర్చున్నాం, మనకు ముందు రావాలి కదా అనే మాట మాకూ వినపడుతూనే ఉంది. నాలుగెకరాల రైతు కన్నా కొట్టంలోని వితంతువు ముందుండాలన్నదే మా అభిప్రాయం. ఆ వరసను సంఘం తలకిందులు చేయమని అడగదు, అడగకూడదు.

మార్కులు సమానమైతే ఎవరు ముందో గ్రామసభ తేల్చాలని కూడా ఆ రూల్లోనే ఉంది. విధుల్లో చనిపోయిన జవాన్లు, పోలీసుల కుటుంబాలు, కుష్ఠు, క్యాన్సర్, హెచ్ఐవీ రోగులున్న కుటుంబాలు, ఒక్క ఆడపిల్లే ఉన్న ఇళ్లు, అటవీ హక్కు పట్టాలు పొందినవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు ఆ సందర్భంలో ముందుకొస్తారు. ఇక్కడ మా ప్రాంతం తరఫున ఒక మాట చేర్చాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయిన మనుషులు, కిడ్నీలు పోయి డయాలసిస్ కోసం తిరిగే కుటుంబాలు కనిగిరి చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో రాష్ట్రమంతటికీ తెలుసు. ఫ్లోరోసిస్‌కు సదరం సర్టిఫికెట్ దొరికితే వికలాంగుల లెక్కలోనైనా పడతారు. కిడ్నీ రోగి ఏ లెక్కలోనూ పడడు. మన ప్రాంతానికి జబ్బుల జాబితా రాస్తే అందులో మొదటి పేరు కిడ్నీదే కావాలి.

ఇక రూల్లో చెడ్డ భాగానికి వద్దాం. అది వరస కట్టే దగ్గర లేదు, గుమ్మం దగ్గర ఉంది. ఫలానా ఫలానా వాళ్లు పేదలు కారు, వాళ్ల పేరే రాయొద్దు అని చెప్పే షరతులు ఉన్నాయి. మొదట 13 ఉండేవి. మోటారు సైకిల్ ఉన్నా, ఫ్రిజ్ ఉన్నా, ఇంట్లో తీగ ఫోను ఉన్నా, నెలకు 10,000 సంపాదించే మనిషి ఒక్కరున్నా అనర్హులే. 2024లో వీటిని తగ్గించారు. మోటారు సైకిల్, ఫ్రిజ్, ఫోను, చేపల పడవ తీసేశారు, నెల ఆదాయం 15,000 చేశారు. ఇది మంచి మార్పే. పాత టీవీఎస్ బండి మీద కూలికి పోయేవాణ్ణి ధనవంతుడని రాసుకున్న రోజులు పోయాయి.

రైతుకు తగిలే రెండు షరతులు మాత్రం ఇంకా ఉన్నాయి. ఒకటి, కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి 50,000 లేదా అంతకు మించి ఉంటే అనర్హుడు. రెండు, రెండున్నర ఎకరాలు నీటి వసతి ఉన్న భూమి గానీ, ఐదెకరాలు వర్షాధారం గానీ ఉంటే అనర్హుడు.

కార్డు సంగతి చూడండి. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో మొదలైంది. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా బ్యాంకుకు రండి అని అప్పటి నుంచి ప్రతి ప్రభుత్వమూ రైతును పిలుస్తోంది. 2025 జనవరి 1 నుంచి పూచీ అడక్కుండా ఇచ్చే వ్యవసాయ రుణాన్ని రిజర్వు బ్యాంకు లక్షా 60 వేల నుంచి 2 లక్షలకు పెంచింది. సాగు ఖర్చు పెరిగింది కాబట్టి పెంచింది. ఎకరం మిరపకు బ్యాంకు లెక్కగట్టే పెట్టుబడే 50 వేలు దాటిపోతుంది. అంటే ఒక చేత్తో అప్పు పరిమితి పెంచి, ఇంకో చేత్తో అప్పున్నవాడు పేదవాడు కాదని రాస్తున్నారు. కార్డులో పరిమితి అంటే రైతు దగ్గరున్న సొమ్ము కాదు, రైతు బాకీ పడబోయే సొమ్ము. బ్యాంకుకు పోకుండా నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకున్న రైతు ఈ లెక్కలో పేదవాడే. బ్యాంకులో తెచ్చుకున్నవాడు కాదు. ఇంతకన్నా తలతిక్క షరతు మేం చూడలేదు. ఇది పూర్తిగా తీసేయాలి.

భూమి షరతును మేం పూర్తిగా తీసేయమనం. భూమి ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఉంది, ఒప్పుకోవాలి. గీత గీసిన చోటు మీదే మా అభ్యంతరం. కృష్ణా కాలువ కింద రెండెకరాలూ, మన హనుమంతునిపాడు గుట్టల పక్కన ఆరెకరాలూ ఒకటి కావు. మన దగ్గర ఒక కారు కంది, మంచి వాన పడితే నాలుగు బస్తాలు. లేకపోతే కట్టె మిగులుతుంది. బోరు వేసి నీళ్లు పడక అప్పు మిగిలిన పొలం కూడా కాగితం మీద ఆస్తే.

రాష్ట్ర ప్రభుత్వ రూళ్లు కూడా ఒకదానితో ఒకటి పొసగవు. బియ్యం కార్డుకు మెట్ట పదెకరాల లోపు ఉంటే చాలు. 2025 జనవరిలో ఇచ్చిన ఇళ్ల స్థలాల జీవోలో మాత్రం మెట్ట ఐదెకరాల లోపు, మాగాణి రెండున్నర ఎకరాల లోపు ఉండాలన్నారు. ఎనిమిదెకరాల మెట్ట రైతు బియ్యం దుకాణం దగ్గర పేదవాడు, ఇంటి స్థలం అడిగితే కాదు. ఒకే ప్రభుత్వం, ఒకే సచివాలయం, ఒకే కంప్యూటరు. కరువు మండలాల్లో ఇళ్లకు కూడా బియ్యం కార్డు పరిమితినే పెట్టాలని మేం అడుగుతున్నాం. పరిమితి పెంచినంత మాత్రాన ఎనిమిదెకరాల రైతు కూలీ తల్లిని దాటి ముందుకు పోడు. మార్కుల దగ్గర ఆయన ఎలాగూ వెనకే ఉంటాడు. వరసలో చివర నిలబడటానికి చోటిమ్మంటున్నాం, అంతే.

కౌలు రైతు సంగతి ఇంకా ఘోరం. భూమి లేక కూలి మీద బతికితే ఒక మార్కు అన్నారు కదా. కౌలుదారుకు సెంటు భూమి లేదు. కానీ సర్వేకు వచ్చినవాళ్లు ఏం చేస్తావయ్యా అంటే సేద్యం అంటాడు. ఆ ఒక్క మాటతో మార్కు పోయింది. పంట నష్టం వచ్చినప్పుడేమో నీ పేరు మీద భూమి లేదు పొమ్మంటారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు తీసుకోవాలంటే భూయజమాని సంతకం కావాలి, ఆ సంతకం పెట్టే యజమానులు తక్కువ. ఇళ్ల లెక్కలో కౌలు రైతును భూమి లేనివాడిగానే రాయాలి. సర్వేకు వచ్చినప్పుడు మన కౌలు సభ్యులు భూమి లేదనే మాట ముందు చెప్పండి, అది అబద్ధం కాదు.

వలస వెళ్లినవాళ్ల గురించి కూడా చెప్పాలి. మన మండలంలో, పామూరు, వెలిగండ్ల, పెదచెర్లోపల్లి వైపూ కార్తీకం దాటితే ఎన్ని ఇళ్లకు తాళాలు పడతాయో మీకు తెలుసు. హైదరాబాదు, బెంగళూరు పోయి అపార్టుమెంట్లు కట్టే పనుల్లో ఉంటారు. ఇతరులకు పది అంతస్తులు కట్టి, వాళ్లు అక్కడే రేకుల షెడ్డులో పడుకుంటారు. ఆవాస్ ప్లస్ సర్వేలో మనిషి ముఖాన్ని ఫోన్‌లో పోల్చుకుని, ఇంటి ముందు నిలబెట్టి ఫోటో తీస్తారు. దొంగ పేర్లు ఆపడానికి ఇది పనికొస్తుంది, కాదనం. కానీ ఊళ్లో లేని మనిషికి ముఖం ఎక్కడి నుంచి తెస్తారు? ఎవరి దరిద్రం ఎక్కువో వాళ్లే ఊళ్లో ఉండరు. సొంతంగా ఫోన్‌లో నమోదు చేసుకోవచ్చని చెప్పారు గానీ, ఆ ఫోను, ఆ చదువు ఉన్నవాడికి ఈ సర్వేతో పనేముంది? మన ప్రాంతంలో ఏ సర్వే అయినా సంక్రాంతికో ఉగాదికో, మనుషులు ఊళ్లోకొచ్చిన వారంలో జరపాలి. తాళం పడిన కొట్టాన్ని "ఇల్లు లేదు" అనో "నివాసం లేరు" అనో కొట్టేయకుండా విడిగా రాసుకుని, మళ్లీ వచ్చి చూడాలి.

2011 లెక్కల మీద జాబితాలు నడిపినందువల్ల వచ్చిన నష్టం కూడా తక్కువ కాదు. అప్పుడు పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు పెళ్లయి పిల్లలున్నారు. అమ్మానాన్నల కొట్టానికి పక్క చాపు దించుకుని ఉంటున్నాడు. కార్డులో వేరు పడలేదు గనక కంప్యూటరులో ఆ రెండు సంసారాలూ ఒకటే ఇల్లు. అప్పుడు బోద ఉన్న కొట్టం మీద ఇప్పుడు అప్పు చేసి రేకులు వేసుకున్నారు. బోద గడ్డి దొరకడం లేదు, కోసి కప్పేవాళ్లూ లేరు, అందుకని వేసుకున్నారు. జనగణన లెక్కల్లో సిమెంటు రేకు, ఇనుప రేకు రెండూ పక్కా కప్పు కిందే రాస్తారు. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఆ పక్కా కప్పు కింద ఓ గంట కూర్చుంటే ఆ రూల్ రాసినవాళ్లకు కచ్చా అంటే ఏమిటో తెలుస్తుంది.

మన రాష్ట్రంలో ఇంకో విశేషం ఉంది. గత కొన్నేళ్లుగా చాలా ఊళ్లను పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి తెచ్చి, పల్లెల్లో కూడా పట్టణ పథకం కింద ఇళ్లు మంజూరు చేశారు. కేంద్రం నుంచి లక్షన్నర, రాష్ట్రం నుంచి 30 వేలు కలిపి లక్షా 80 వేలు. గ్రామీణ పథకంలో వచ్చేది లక్షా 20 వేలే కాబట్టి సొమ్ము ఎక్కువ తెచ్చారు, ఆ మేరకు లాభమే. అయితే పట్టణ పథకంలో పైన చెప్పిన గదుల వరస, ఐదు మార్కుల లెక్క లేవు. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు అయితే చాలు. అందరికీ ఇస్తున్నాం, వరస ఎందుకు అన్నారు. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి 30 లక్షల దాకా పట్టాలు పంచామన్నారు. అందరికీ అన్న మాట వినడానికి బాగుంటుంది. నిధులు ఏటా కొంచెం కొంచెమే వస్తాయి కాబట్టి, అందరికీ అన్నప్పుడు కూడా ఎవరికి ముందు అనే ప్రశ్న ఉండనే ఉంటుంది. దానికి కాగితం మీద జవాబు లేకపోతే, పెద్దమనుషుల ఇళ్ల దగ్గర జవాబు దొరుకుతుంది. ఒక ప్రభుత్వంలో జన్మభూమి కమిటీలన్నారు, ఇంకో ప్రభుత్వంలో వలంటీర్లన్నారు. పేరు ఏదైనా, పేదవాడు తన అవసరాన్ని రూల్ ముందు కాకుండా మనిషి ముందు చెప్పుకోవాల్సి వచ్చింది.

స్థలం లేనివాడి కథ వేరు. అవసరం లెక్కన అందరికన్నా ముందుండాల్సినవాడు ఆచరణలో అందరికన్నా చివర ఉంటాడు. ఇల్లు మంజూరు చేయాలంటే స్థలం చూపించాలి, చూపించలేనివాణ్ణి పక్కన పెడతారు. పక్కన తెలంగాణలో 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్లు మొదలుపెట్టారు. 5 లక్షలు ఇస్తున్నారు, మనకన్నా చాలా మెరుగు. అక్కడ అప్లికేషన్లను మూడు జాబితాలు చేశారు. సొంత స్థలం ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్1, స్థలమూ ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్2, మిగిలినవాళ్లు ఎల్3. మొదటి విడత ఎల్1 వాళ్లకే. పని త్వరగా నడవాలంటే అది సులువే. కానీ రెండూ లేనివాణ్ణి రెండో జాబితాలో పెట్టడం అవసరాన్నిబట్టి కట్టిన వరస కాదు, సౌకర్యాన్నిబట్టి కట్టిన వరస. స్థలం లేనివాళ్లకు స్థలం చూపించే బాధ్యత రాష్ట్రానిదేనని కేంద్ర పథకం రూల్లోనే ఉంది.

మన దగ్గర పల్లెల్లో సెంటున్నర ఇచ్చిన చోట ఇప్పుడు మూడు సెంట్లు ఇస్తామంటున్నారు. సెంటున్నర అంటే 72 గజాలు. అందులో ఇల్లు కట్టుకున్న కూలీ గేదెను ఎక్కడ కట్టేయాలి, చొప్ప ఎక్కడ వేయాలి? ఊరికి దూరంగా వేసిన కాలనీల్లో గోడలు లేపి వదిలేసినవి మన చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. మూడు సెంట్లు అయితే 145 గజాలు, పశువుకు చోటుంటుంది. ఈ మార్పును మేం మెచ్చుకుంటున్నాం. పట్టాలు చేతికి రావాలి, ఆ స్థలాల ఎంపికలో ఊరికి దగ్గర ప్రభుత్వ భూమి ముందు చూడాలి. చెరువు పోరంబోకు, పశువుల బీడు జోలికి పోవద్దు. దానివల్ల ఇంకో పేదవాడి బతుకు పోతుంది.

వరసలో నంబరు వచ్చినంత మాత్రాన ఇల్లు రాదు. పునాదికి ముందు పెట్టుబడి తనే పెట్టుకోవాలి, ఆ తర్వాతే బిల్లు. బేస్‌మెంటు, రూఫ్ లెవల్, స్లాబు, ఒక్కో దశకూ ఫోటో, ఒక్కో దశకూ ఎదురుచూపు. చేతిలో లక్ష రూపాయలున్నవాడు ఆరు నెలల్లో గృహప్రవేశం చేస్తాడు. మొదటి నంబరు వచ్చిన వితంతువు పునాది గుంత దగ్గరే ఆగిపోతుంది. కట్టుకోలేదు కాబట్టి రద్దు అంటారు. జాబితాలో అవసరం లెక్కన వరస కట్టి, బిల్లుల దగ్గర డబ్బు లెక్కన వరస మార్చేశారన్నమాట. 2025 మార్చిలో ఆగిపోయిన ఇళ్లకు రాష్ట్రం అదనంగా సాయం ప్రకటించింది. బీసీ, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజనులకు లక్ష. అవసరాన్నిబట్టి సొమ్ము మార్చడం సరైన ఆలోచన. అదే పద్ధతిలో, మార్కులు ఎక్కువ వచ్చిన కుటుంబాలకు పునాదికి ముందే మొదటి విడత ఇవ్వాలి. ఒంటరి ఆడవాళ్లకు, ముసలివాళ్లకు హౌసింగ్ వాళ్లే దగ్గరుండి కట్టించాలి. అరవై దాటిన మనిషిని సిమెంటు మోసుకోమని, ఇసుక తెచ్చుకోమని చెప్పడం ఇల్లు ఇవ్వడం కాదు.

నల్లమల చెంచుల పేరు ఆదిమ గిరిజనుల లెక్కలో ముందుంటుంది. 2023 నవంబరు 15న మొదలైన జన్‌మన్ పథకంలో వాళ్లకు ఇంటికి 2 లక్షలు. యర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు వైపు గూడేల్లో ఆధార్ లేదనీ, పేరు తప్పుందనీ ఆగిపోయినవాళ్లుంటే, కాగితం సరిచేసే పని అధికారులు గూడేనికి పోయి చేయాలి. వెలిగొండ ముంపు ఊళ్లు గొట్టిపడియ, సుంకేసుల, కాకర్ల చుట్టుపక్కల నిర్వాసితుల సంగతి దీనికి పూర్తిగా వేరు. వాళ్లను ఈ వరసలో నిలబెట్టడమే తప్పు. ఊరు, ఇల్లు తీసుకున్నందుకు వాళ్లకు ప్రభుత్వం బాకీ ఉంది. బాకీ తీర్చడానికి మార్కులు వేయరు.

అవసరాన్ని కొలవడం ఎక్కడైనా కష్టమే, కానీ చేస్తున్నారు. కేరళలో 2016లో మొదలైన లైఫ్ మిషన్‌లో ముసాయిదా జాబితా పెట్టి, రెండు దఫాలు అప్పీళ్లు విని, గ్రామసభ ఆమోదించాకే తుది జాబితా వేస్తారు. ఇంగ్లాండులో 1996 నాటి హౌసింగ్ చట్టం ఇల్లు లేనివాళ్లకు, ఇరుకిళ్లలో, ఆరోగ్యం పాడయ్యే ఇళ్లలో ఉన్నవాళ్లకు, జబ్బువల్ల మారాల్సినవాళ్లకు తగిన ప్రాధాన్యం ఇవ్వాలని స్థానిక సంస్థలను కట్టడి చేసింది. ఏ లెక్కన ఇస్తున్నారో రాసి జనానికి చూపించాలి. మన సుప్రీంకోర్టు కూడా 1995లో చమేలీ సింగ్ కేసులో తలదాచుకునే చోటు జీవించే హక్కులో భాగమని చెప్పింది. హక్కు అన్నాక, ఎందుకు ఇవ్వలేదో చెప్పాల్సిన బాధ్యత ఇచ్చేవాళ్ల మీద ఉంటుంది.

కాబట్టి ఊరూరా గ్రామసభలో మన సభ్యులు అడగాల్సింది ఇల్లు ఒక్కటే కాదు. జాబితా అడగండి. పేర్లు మాత్రమే ఉన్న జాబితా కాదు. పేరు పక్కన గదులు ఎన్ని, మార్కులు ఎన్ని, తీసేస్తే ఏ కారణంతో తీశారు అన్నవి రాసి ఉన్న జాబితా. సచివాలయం గోడ మీద అతికించమనండి. పేరు తీసేసినప్పుడు కారణం రాతపూర్వకంగా ఉండాలని రూల్లోనే ఉంది. గ్రామసభలో తేలకపోతే జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన అప్పీలు కమిటీ ఉండాలి, అందులో అధికారి కాని మనిషి ఒకరైనా ఉండాలి. ఆ కమిటీకి అప్లికేషన్ పెట్టిన రైతు గానీ కూలీ గానీ మన మండలంలో మాకు కనపడలేదు. అలాంటిదొకటి ఉందనే ఎవరికీ చెప్పలేదు.

పేరు లేదని నోటితో గొడవపడి వెనక్కి రావద్దు. తెల్లకాగితం మీద మీ ఇంటి పరిస్థితి, ఎన్ని గదులు, కప్పు దేనిది, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వయసులు, చదువు, భూమి ఎంత, కౌలు ఎంత, ఇంతకుముందు ఏ పథకంలోనైనా ఇల్లు వచ్చిందా లేదా అన్నది రాసి ఇవ్వండి. వలసలో ఉన్న మీ తమ్ముడి తరఫున, పక్కింటి ముసలమ్మ తరఫున కూడా మీరే రాసిపెట్టండి. తీసుకున్నట్టు స్టాంపు వేసిన నకలు వెనక్కి తీసుకోండి. ఆ నకలు జిరాక్సు ఒకటి సంఘం మండల కమిటీకి అందజేస్తే, ఊళ్లవారీగా మేం మార్కులు వేసి, సచివాలయం జాబితాతో పక్కపక్కన పెట్టి చూస్తాం. తేడా ఉన్న ఊళ్ల కాగితాలన్నీ కట్టగట్టి కలెక్టరు గ్రీవెన్సులో ఇవ్వడానికి వచ్చే నెల మొదటి సోమవారం పోతున్నాం. వచ్చేవాళ్లు ముందుగా పేర్లు చెప్పండి, బస్సు మాట్లాడాలి.